మా యింటి పంచదార డబ్బా

మా కుటుంబం బరంపురంలో స్థిరపడి నాలుగు తరాలైనది. ఆఫీసులో ఒడియా, యింట్లో తెలుగు. సంక్రాంతికి మన అరిసెలూ, పొరుగువారి పిఠాలూ రెండూ మావే. అట్టి యింట్లో మా బాబయ్యకు యాభై నాలుగవ యేట చక్కెర వ్యాధి బయటపడింది.

బాబయ్య పెండ్లి చేసుకోలేదు. మా తండ్రిగారు పోయినప్పటినుండి యింటికి పెద్ద దిక్కు ఆయనే. డాక్టరుగారు మాత్రలు వ్రాసి, తిండి విషయంలో జాగ్రత్తలు చెప్పారు. ఆ జాగ్రత్తలన్నీ మేమే నెత్తిన వేసుకున్నాము. పంచదార డబ్బా బీరువాలోకి వెళ్లింది. తాళంచెవి మా శ్రీమతి కొంగున చేరింది. బాబయ్యకు కాఫీ వేరు, వంట వేరు, చివరకు భోజనం వేళ కూడా వేరైపోయింది. పెండ్లికి వెళితే ఆయన విస్తరిమీద మా అందరి కళ్లూను. "అన్నం యింకాస్త తగ్గించు, బాబయ్యా!" అనడం మాకు ప్రేమగానే తోచేది. ఆయన మారు పలికేవారు కాదు.

ఒకనాటి రాత్రి ఆయనకు రెండు పుల్కాలు మాత్రం పెట్టి సరిపెట్టాము. మాత్ర మామూలుగానే వేసుకున్నారు. రెండు గంటలవేళ ఆయన గదిలో చెంబు పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. వేలు పొడిచి మీటరులో చూస్తే 52! "పంచదార, నాన్నా, పంచదార!" అని మా పెద్దమ్మాయి కేక వేసింది. పంచదార యింట్లోనే వుంది, తాళంచెవి కనబడలేదు. మేము పరుగున వెళ్లి పక్కింటి ఒడియా మావుసి తలుపు తట్టి పంచదార తెచ్చాము. నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాము. పావుగంటకు 78 అయింది. అప్పుడు కాస్త అన్నం పెట్టాము.

మర్నాడు డాక్టరుగారు, "తిండి తగ్గించిన సంగతి నాకు చెప్పవద్దా? మాత్ర మోతాదు తిండినిబట్టే గదా!" అని మందలించి మోతాదు తగ్గించారు. అంతకన్న బాబయ్య మాట మమ్మల్ని కుంగదీసింది. "ఇదివరకు రెండుసార్లు యిలాగే వణికింది, నాయనా. చెబితే ఏం తిన్నావని లెక్క అడుగుతారని వూరుకున్నాను."

పంచదార డబ్బా మళ్లీ వంటింటి అలమరలోకి వచ్చింది. ఆయన మంచం పక్కన గ్లూకోజు పొట్లం వుంటుంది. ఇప్పుడు అందరిదీ ఒకటే వంట: అన్నం కొంచెం, పప్పూ ఆకుకూరా యెక్కువ. సాయంత్రం ఆయనతో మేమూ నడుస్తాము. ఆదివారం ఆయన పాదాలకు పుండు, పగులు వున్నవేమో మా అబ్బాయి చూస్తాడు. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షకు మేమే వెంట వెళ్తాము.

మీ యింట్లో యిట్టివారుంటే ఒక్క సంగతి మరువకండి. చక్కెర 70కి దిగితే సుమారు 15 గ్రాముల పంచదారో గ్లూకోజో యిచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మొన్న సంక్రాంతికి బాబయ్య ఒక అరిసె తీసుకుని, సగం విరిచి మా చిన్నదాని చేతిలో పెట్టారు. మిగతా సగం ఆయన తిన్నారో లేదో మేము చూడలేదు. మా విస్తరిలో మేము తింటున్నాము.