సరుగుడు తోటలో ఆరుగురి టెంటు

పెట్టె మీద ‘ఆరుగురికి’ అని ఉంటే నలుగురికని చదువుకోవాలి. టెంట్లు చేసేవాళ్ళు మనిషికి ఇంచుమించు 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్కేస్తారు. రైల్లో బెర్తంత. మావారు అందులో ఒక పక్కకే పడతారు. ఇక సంచులు, చెప్పులు, అత్తయ్య మందుల బుట్ట ఎక్కడ పెట్టుకోవాలన్నది ఆ లెక్కలోకే రాదు. అందుకే విజయవాడలో టెంట్లు అమ్మే చోట ఐదుగురం చెప్పులు విడిచి ఒక్కోదాంట్లోకి దూరి నిజంగానే పడుకుని చూశాం. షాపు కుర్రాడు మొదట మొహమాటపడ్డాడు. తర్వాత వాడే ఎక్కడినుంచో రెండు దిళ్ళు తెచ్చిచ్చాడు.

సంక్రాంతి వెళ్ళాక బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున ఒక రాత్రి టెంటులో పడుకోవాలని పిల్లల గోల. అత్తయ్య ఒక్కటే షరతు పెట్టారు. “వస్తానుగానీ పాక్కుంటూ లోపలికి పోనే అమ్మాయ్. ఆ వయసు నాకు దాటిపోయింది.”

ఆవిడ కోసం నిలువెత్తు టెంటు ఒకటి చూశాం. గదిలా ఉంది, కిటికీలున్నాయి, లోపల నిలబడి చీర మార్చుకోవచ్చు. ఏసీ హాల్లో అన్నీ బాగానే నిలబడతాయి. మనం వెళ్ళేది సముద్రం ఒడ్డుకి. గోడలు నిట్టనిలువుగా ఉంటే గాలి బరువంతా వాటి మీదే పడుతుంది. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటప్పుడు ఏ టెంటూ ఆగదు, ఎవరూ వెళ్ళరు కూడా. అయితే మామూలు రోజుల్లోనూ మధ్యాహ్నం తిరిగాక అక్కడ సముద్రపు గాలి తీరిగ్గా ఏమీ వీచదు. చివరికి వంపు కర్రల మీద గుండ్రంగా నిలబడే ఆరుగురి టెంటు తీసుకున్నాం. నడిమధ్యలో మాత్రం తల తగలదు. అత్తయ్య సమస్య ప్లాస్టిక్ స్టూలుతో తీరింది. గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, ఒక్కో కాలూ లోపలికి తీసుకుని, పక్క మీదికి జరిగిపోవడం. షాపులోనే రెండుసార్లు చేసి చూసుకుని “సరే, కట్టించు” అన్నారు.

కుర్రాడు మాత్రం 3000 మిల్లీమీటర్ల గుడ్డ తీసుకోమని ఒకటే పోరు. గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే చుక్క కిందికి దిగుతుందో ఆ అంకె చెబుతుంది. 3000 అంటే మూడు మీటర్ల నీళ్ళు. జూలైలో అరకు వెళ్ళేవాళ్ళకి అది అవసరమే. జనవరిలో బాపట్ల తీరాన వానకంటే చెమట, మంచు ఎక్కువ బాధపెడతాయి. పైన వానగుడ్డ విడిగా ఉండాలి, లోపలి గది సగం దోమతెర గుడ్డతో ఉండాలి, ఎదురెదురుగా రెండు గుమ్మాలుండాలి. నేను పట్టుబట్టింది వీటికే.

తెనాలిలో మా డాబా మీద ముందు ఒకసారి వేసి చూశాం. శ్లాబులోకి మేకు దిగదు కదా, అయినా కర్రలు వంచగానే నిలబడింది. సొరంగంలా పొడుగ్గా ఉండే రకమైతే తాళ్ళు బిగించకుండా లేవనే లేవదు.

పొన్నూరులో కాఫీ తాగి, బాపట్ల ఊళ్ళోంచి ఇంకో తొమ్మిది కిలోమీటర్లు వెళితే సూర్యలంక. శనివారం కావడంతో జనం బాగా ఉన్నారు. నడుం లోతు దాటితే చాలు, పోలీసుల ఈలలు. టెంటు ఒడ్డు మీద వేయలేదు. అక్కడ జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. దీపాలుంటే అవి బెదిరి వెనక్కి పోతాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన తాబేలు పిల్లలు దారి తప్పేదీ దీపాలవల్లే. మావారి స్నేహితుడికి కాస్త లోపలగా సరుగుడు తోట ఉంది, మకాం అక్కడ.

టెంటుతో వచ్చిన సన్నటి మేకులు ఇసకలోకి వేలితో నొక్కితేనే దిగాయి, అంతే సుళువుగా పైకీ వచ్చాయి. తోట కాపలా తాత బీడీ కాలుస్తూ కాసేపు చూసి లేచొచ్చాడు.

“ఇయ్యి గట్టినేలకమ్మా. ఇసకలో ఏం పట్టుద్ది?”

“మరి ఎట్టా తాతా?”

“బియ్యం సంచులున్నయ్యా?”

ఆయన పాకలోనే ఉన్నాయి. ఖాళీ సంచిలో సగానికి ఇసక నింపాడు. మూతి మెలిపెట్టి, టెంటు తాడు అక్కడే ముడేశాడు. మోకాలి లోతు గొయ్యి తీసి సంచిని అడ్డంగా పడుకోబెట్టి, పైన ఇసక కప్పి మడమలతో తొక్కాడు. తాడు నేల మీద ఏటవాలుగా, పొడుగ్గా సాగాలట. నిలువుగా లాగితే సంచి పైకొచ్చేస్తుంది. ఆ తర్వాత మావారూ మా పెద్దాడూ కలిసి తాడుకి వేలాడి లాగినా కదల్లేదు. పోతూ పోతూ కాలితో సరుగుడు ఆకు తిరగేసి, “పొయ్యి ఇక్కడ కాదు, రోడ్డు పక్కకి పో” అన్నాడు. ఎండిన ఆ ఆకు జానెడు మందాన పడి ఉంది. పక్కనే నైలాను. ఆయన చెప్పినట్టే దూరంగా వెళ్ళి చేపలు వేయించుకున్నాం.

చీకటి పడ్డాక సముద్రపు గాలి తగ్గింది. అర్ధరాత్రి దాటాక అటునుంచి మానేసి, నేల వైపునుంచి చల్లగా మొదలైంది. రాత్రి ఒడ్డు త్వరగా చల్లబడుతుంది, నీళ్ళు ఆ పని నెమ్మదిగా చేస్తాయి. ఒకటే గుమ్మమున్న టెంటయితే ఆ వేళ ఉక్కతో లేచి కూర్చునేవాళ్ళం. మావారు చలంటూ తనవైపు గుడ్డ మూసుకున్నారు. తెల్లారి టార్చి వేసి చూస్తే అటుపక్క వానగుడ్డ లోపలంతా నీటిబొట్లు, మా ఐదుగురి ఊపిరే. దోమతెర గది విడిగా ఉండబట్టి ఒక్క చుక్కా దుప్పట్ల మీదికి రాలేదు. అత్తయ్య మాత్రం అందరికంటే ముందు లేచి, స్టూలు దిగి, తాతతో 1977 ఉప్పెన కబుర్లలో ఉన్నారు.

మడిచేటప్పుడు జిప్పు పళ్ళలో ఇసక తీయడానికి పాత టూత్‌బ్రష్ ఉపయోగపడింది. ఇంటికొచ్చాక టెంటుని మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేశాం. ఉప్పు నిలిచిపోతే కుట్లు, జిప్పులు తొందరగా పాడవుతాయి.

ఫొటోలు చూసి రేపల్లె నుంచి తమ్ముడు ఫోను చేశాడు, ఎంతమందిది కొనమంటావక్కా అని.

“నువ్వు, మీ ఆవిడ, ముగ్గురు పిల్లలు, మీ అత్తగారు. ఎనిమిది మందిది చూడు. కాకపోతే అది బాగా బరువుంటుందిరా. మోసేదెవరో ఇంట్లో ముందు తేల్చుకో.”

“బావ రారా?”