అంజునా ఇసుకలో చాయ్ చాపలు

గోవా అనగానే మీకేం గుర్తొస్తుంది? సముద్రం, చర్చిలు, జీడిపప్పు... అంతేనా? మా మొగుడంపల్లి నుంచి జహీరాబాద్ చేరి, హుమ్నాబాద్, కలబురగి, విజయపుర, బెళగావి మీదుగా మేమూ వెళ్లొచ్చాం. జొన్నరొట్టెలు, వెల్లుల్లికారం కట్టుకుంటే దారిలో హోటల్ గొడవే ఉండదు!

అక్కడి అంజునా బీచ్‌కి ఓ కథ ఉంది. 1960ల చివర్నుంచి గోవా తీరానికి హిప్పీలు రావడం మొదలైంది. 1990ల్లో ఇక్కడే ‘గోవా ట్రాన్స్’ అనే డాన్సు సంగీతం రూపు దిద్దుకుంది. పల్లవీ చరణాలూ ఉండవు. నిమిషానికి 140 దాకా దరువులు, వాటిమీద సింథసైజర్ మెలికలు. తెల్లవార్లూ అదే! తర్వాత ‘సైట్రాన్స్’గా మారి ఇజ్రాయెల్, బ్రెజిల్ దాకా పాకింది. అమెరికా నుంచి వచ్చిన గోవా గిల్ ఇందులో పెద్ద పేరు. 2023లో కన్నుమూశారు. ఎండకి రికార్డులు వంగిపోతాయని ‘డ్యాట్’ అనే చిన్న క్యాసెట్లు వాడేవారట. మన వడియాలెండే ఎండ మరి!

మనకెందుకీ గోల అంటారా? ఆగండి. ఆ పార్టీల చుట్టూ ఊరి ఆడవాళ్లు చాపలు పరిచి, కిరసనాయిలు దీపాలు పెట్టుకుని, రాత్రంతా చాయ్, ఆమ్లెట్లు అమ్మేవారు. ఆడి ఆడి అలిసినవాళ్లు కూలబడేది ఆ చాపలమీదే. అర్ధరాత్రి వేడి చాయ్ అందించే చెయ్యి లేకపోతే ఎవరైనా తెల్లారేదాకా ఆడగలరా, చెప్పండి?

2000లో దేశమంతటికీ శబ్దకాలుష్య నిబంధనలొచ్చాయి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట మైకులు పెట్టడానికి వీల్లేదన్నారు. పసిపిల్లలున్న ఇంట్లో నిద్ర విలువేమిటో మనకి తెలియదూ? ఆ మాట న్యాయమే. మత్తుమందుల బెడదా తక్కువేం కాదు. కానీ పార్టీలు క్లబ్బుల గోడల మధ్యకి వెళ్లాక ఇసుకలో పరిచే చాపకి చోటు తగ్గిపోయింది. రాత్రంతా మేలుకుని నాలుగు రూపాయలు కళ్లజూసిన ఇల్లాలి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

మీరు వెళితే చలికాలంలో వెళ్లండి. బుధవారం అంజునా సంత చూడండి. బేరం ఆడండి, తప్పులేదు. కానీ చాయ్ మాత్రం పెద్ద హోటల్లో కాకుండా, దారిపక్కన స్టవ్ ముందు కూర్చున్న ఆవిడ దగ్గరే తాగండి. చిల్లర మిగిలితే అడక్కండి. సరేనా?