డబ్బా మారింది... బొమ్మ మారలేదు!

మన జానపద చిత్రాల్లో హీరోగారు చెంప మీద ఓ పుట్టుమచ్చ అంటించుకుని, తలపాగా చుట్టుకుని వచ్చేస్తే చాలు, విలన్‌తో సహా ఆయన్నెవరూ పోల్చుకోలేరు! నేల క్లాసులో కూర్చున్న కుర్రాడికి తెలిసిన సంగతి తెర మీద రాజుగారికి తెలియదు. పాఠక మిత్రులారా, మన బీరువాల్లో పడివున్న పాత వీడియో డిస్కుల సంగతీ అచ్చం ఇంతే. లోపలున్నది ఆ బొమ్మే. కానీ వేషం పాతబడిందని కొత్త టీవీ, కొత్త ఫోనూ “నువ్వెవరో మాకు తెలీదు, పో” అంటున్నాయి. సరే, వేషం మార్చాలి. అందుకని మనిషినే కోసి కుట్టాలా?

మా అక్క పెళ్లి 2005లో తార్నాకలోని ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పెళ్లి వీడియో రెండు వీసీడీల్లో ఇచ్చారు. రెండో డిస్కులో, అప్పగింతల దగ్గర, మా నాన్న కండువాతో కళ్లొత్తుకుంటూ కెమెరా అతన్ని చూసి “నన్ను కాదు బాబూ, పిల్లను తియ్యి” అంటారు. అంతే, నాలుగు సెకన్లు. 2011లో నాన్న పోయారు. ఆయన గొంతు మా ఇంట్లో మరెక్కడా రికార్డై లేదు.

వీసీడీ అన్నది 1993లో వచ్చిన పద్ధతి. ఒక డిస్కులో 74 నిమిషాల బొమ్మ పడుతుంది. అందుకే మూడు గంటల తెలుగు సినిమా రెండు మూడు డిస్కులకు పరుచుకునేది. హీరో ఫ్లాష్‌బ్యాక్ మొదలెట్టగానే డిస్కు అయిపోవడం, ఎవరో లేచి మార్చడం... ఆ ఇంటర్వెల్ సరదా మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది!

ఇంట్లో ప్లేయరు మూలపడ్డాక డిస్కులు ఒక షాపులో ఇచ్చాం. “హెచ్‌డీ చేసిస్తాం సార్” అన్నారు. చేసిచ్చారు కూడా! తెర నిండేలా సాగదీసేసరికి నాన్న లావైపోయారు. ముఖం మైనం ముద్దలా నున్నబడింది. చప్పుడు తగ్గించామన్నారు. బాజాభజంత్రీలతో పాటు నాన్న మాటా కొట్టుకుపోయింది. అమ్మ కాసేపు చూసి, “గీయనెవరురా?” అని లేచి వంటింట్లోకి పోయింది.

లెక్క చూడండి. వీసీడీ బొమ్మ అడ్డం 352, నిలువు 288 చుక్కలు. హెచ్‌డీ తెరకు 1920, 1080 కావాలి. అంటే ఇరవై రెట్లు! ఇరవై చుక్కల్లో అసలుది ఒక్కటీ, మిగతా పంతొమ్మిదీ యంత్రం ఊహించి పెట్టినవీ. దానికి తోడు, విప్పిన బొమ్మను మళ్లీ కుదించి నింపాలి. దీన్నే రీ-ఎన్‌కోడింగ్ అంటారు. ప్రింటు నుంచి ప్రింటు, దాన్నుంచి ఇంకో ప్రింటు తీసినట్టు, ప్రతిసారీ కొంత అరిగిపోతుంది.

అదృష్టం కొద్దీ అసలు డిస్కులు తిరిగిచ్చారు. మా పిన్ని కొడుకు ఉస్మానియాలో ఎమ్మెస్సీ. ఓ సాయంత్రం డిస్కులు పట్టుకుని తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోకి నడిచాను. సినిమాల్లో తరచూ కనిపించే ఆర్ట్స్ కాలేజీ భవనం దాటి తమ్ముడి హాస్టల్ గది చేరాను. నా గోడంతా విని వాడు నవ్వాడు. “ఏందన్నా, డబ్బా మార్చుడే గదా! బొమ్మనెందుకు ముట్టుకున్నరు?”

ఎంత మాటన్నాడు! రీలు డబ్బా తుప్పుపట్టిందనుకోండి, రీలు తీసి కొత్త డబ్బాలో పెడతాం గానీ సినిమాను రీమేక్ చేస్తామా?

వీసీడీలో ‘డాట్’ అనే ఫైలుంటుంది. అదే పాత డబ్బా. దాని ఒక్కో అరలో 2352 బైట్లు. అందులో అసలు సరుకు 2324 బైట్లే, తక్కింది డిస్కు తన కోసం రాసుకున్న చిరునామాలూ గుర్తులూ. ఆ గుర్తులు ఊడదీసి, సరుకును ఉన్నదున్నట్టు ‘ఎంపెగ్’ ఫైల్లోకి పోస్తే సరి. తమ్ముడు ముందు డిస్కును కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తరువాత ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌కి ‘కాపీ మాత్రమే’ అని ఆదేశమిచ్చాడు. టీ చల్లారేలోపే పనైపోయింది!

డీవీడీ అయితే ‘వాబ్’ అనే ఫైళ్లుంటాయి, ఒక్కోటి ఒక గిగాబైటు మించకుండా ముక్కలుగా. వాటిని వరసగా కలిపి ‘ఎంకేవీ’ అనే డబ్బాలోకి మార్చుకోవచ్చు. కంపెనీ డిస్కులకు మాత్రం తాళాలుంటాయి, చట్టాలూ ఉంటాయి. సినిమాలు కాపీలు తీసి పంచడం నేరం సుమండీ! నేను చెప్పేది మన ఇంటి పెళ్లిళ్ల గురించీ, కాలేజీ నాటకాల గురించీ.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. డబ్బా మార్చినంత మాత్రాన మసక బొమ్మ మెరిసిపోదు, ఫైలు సైజూ తగ్గదు. ఉన్నదానికి తరుగు లేకుండా ఉంటుంది, అంతే. మెరుగులు దిద్దాలనుంటే దాని నకలు మీద ఎన్నైనా దిద్దుకోండి.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే ప్రింటే లేదు. అంత పెద్ద చిత్రానికే ఆ గతి పడితే మన ఇంటి డిస్కులెంత? సీడీలో బొమ్మ రాసి ఉన్న అల్యూమినియం పూత లేబుల్ కిందే, పల్చటి వార్నిష్ చాటున ఉంటుంది. కాబట్టి లేబుల్ మీద గీత పడనివ్వకండి, బాల్‌పెన్నుతో పేరు రాయకండి. ఈ ఆదివారమే బీరువా పైనున్న సంచీ దింపండి. మార్చిన ఫైలు రెండు చోట్ల దాచండి, డిస్కును మాత్రం పారేయకండి.

ఆ రాత్రి కొత్త ఫైలు అమ్మకు పెట్టి చూపించాను. అదే మసక, అవే బాజాలు. వాటి మధ్య నుంచి నాన్న “పిల్లను తియ్యి” అన్నారు. అమ్మ ఈసారి వంటింట్లోకి వెళ్లలేదు. “ఇంకోపారి పెట్టురా” అంది.