చెవి ముందా, కెవ్ ముందా?

పోటీ పరీక్షల గైడు పుస్తకమొకటి ఈ మధ్య నా చేతికి వచ్చింది. అందులో గిరిజన భాషల గురించి అరపేజీ ఉంది. కోలామీ అనేది తెలుగు చెడి ఏర్పడిన అపభ్రంశ రూపమని ఆ అరపేజీ సారాంశం. ప్రచురణకర్త పేరు మనకు అనవసరం. దిల్‌సుఖ్‌నగర్ పుస్తకాల దుకాణాలలో ఇటువంటి అరపేజీలు ఇంకా చాలా ఉంటాయి, ఒకదానిలోంచి మరొకటి ఎత్తిరాసుకున్నవే.

అపభ్రంశమన్న మాట మా పండితవర్గానికి బాగా అలవాటైనది. పండిత శిక్షణలో మాకు తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు గదులు చూపించారు. మాట ఏదైనా వాటిలో ఒకదానిలో కూర్చోవలసిందే. దేశ్యమనే గది తలుపు మీద మాత్రం ఏ వివరమూ ఉండేది కాదు. సంస్కృత ప్రాకృతాల నుండి రానిది మరి ఎక్కడి నుండి వచ్చిందని అడిగే అలవాటు లేదు. తెలుగు సంస్కృతజన్యం కాదని 1816లోనే ఎల్లిస్ దొర రాశాడు. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చయింది. అయినా 1937లో చిలుకూరి నారాయణరావుగారు ‘ఆంధ్ర భాషా చరిత్రము’లో తెలుగు ప్రాకృతాల నుండి పుట్టిందనే వాదించారు. మహాపండితుడు, ఆయన పోగుచేసిన సామగ్రికి నేటికీ దండం పెట్టవలసిందే. వాదం మాత్రం నిలవలేదు. మన భాష జన్మ విషయంలోనే ఇంత వాదం నడిచినప్పుడు, అడవి అంచున ఉన్న చిన్న భాష మీద అరపేజీలో తీర్పు చెప్పేయడంలో వింతేముంది?

ఆ పుస్తకం తెచ్చినవాడు కొత్తపేటలో మరి ముగ్గురితో కలిసి గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న కుర్రవాడు. ఊరు ఉట్నూరు వైపు. కోలాం తెగ. తెలుగువారు మన్నెవార్లని పిలిచేది వీరినే. తెలుగు పేపరులో సందేహాలకని ఆదివారాలు ఎల్బీనగర్‌లోని మా యింటికి వస్తుంటాడు. ఆశ్రమ పాఠశాలలో చేరినప్పటినుండి తన భాష మాట్లాడటం ఇంటికి వెళ్ళిన రోజులకే పరిమితమైందట. ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టి అన్నాడు:

“సార్, చెవిని మా అవ్వ కెవ్ అంటది. ఇది తెలుగు పాడైతే వచ్చిందని ఇండ్ల ఉన్నది. పరీక్షల ఈ బిట్టు వస్తే ఏం పెట్టాలె?”

ఒక్క మార్కు ఉద్యోగాన్ని నిలబెట్టే, పడగొట్టే పరీక్షలివి. గైడులో ఉన్నదే కీలోనూ ఉంటే నిజం రాసినవాడు నష్టపోతాడు. అయితే తొలి కీ విడుదలయ్యాక అభ్యంతరాలు తీసుకుంటారు, ఆధారాలు జతపరచమంటారు. “నీకు తెలిసిందే పెట్టు బాబూ, ఆధారాలు నేను రాసిస్తాను” అన్నాను. అలా పోగుచేసిన ఆధారాలే ఈ టపా.

వాడి అవ్వ మాటతోనే మొదలుపెడదాం. కోలామీలో చెవి కెవ్. చేయి కీ. చిచ్చు, అంటే నిప్పు, కిస్. మూడింటా మన చకారం ఉన్నచోట వారికి కకారం. గైడు పుస్తకం మాటే నిజమనుకుంటే, కోలాములు ఈ మూడింటిలోనూ తెలుగు చకారాన్ని పట్టుకుని కకారం చేసి ఉండాలి. ఇప్పుడు కన్నడం వైపు చూడండి: కివి, కయ్యి, కిచ్చు. ఉట్నూరు అడవులలోనివారూ కన్నడిగులూ కూడబలుక్కుని ఒకే మాటలను ఒకే తీరున పాడుచేశారనడం కుదరదు. మొదట ఉన్నది కకారమే. ఇకార ఎకారాల ముందు దానిని తాలవ్యం చేసుకున్నది మనం. అపభ్రంశమన్న మాట వాడి తీరాలంటే ఈ మూడు మాటలలో భ్రంశం పొందినది తెలుగు. నేనైతే ఆ మాటే వాడను, మారడం భాషకు నేరం కాదు గనుక.

ఇటువంటి సూత్రం నిజమైనదైతే మనం ఇంకా వినని మాటను కూడా ముందే చెప్పగలగాలి. ఈ పరీక్షను నిజంగానే పెట్టి చూసినవారున్నారు. అరుణాచల్ ప్రదేశ్ పశ్చిమ కొండలలో శెర్దుక్పెన్, సర్తాంగ్, ఖిస్పి, దుహుంబి, బుగున్, పురోయిక్ అని చిన్న చిన్న భాషలున్నాయి. నీటికీ నిప్పుకీ వాటిలో ఉన్న మాటలను కలిపి, 2001లో వాన్ డ్రీమ్ అనే పండితుడు వాటికి ఖో-బ్వా అని కుటుంబనామం పెట్టాడు. అవన్నీ ఒక గుంపేనా, అసలు టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందినవేనా అని సందేహించినవారూ ఉన్నారు. తిమోతియుస్ బోట్, లిస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు అందులో పడమటి భాషల ధ్వనిసూత్రాలు తేల్చి, అంతవరకు సేకరించని మాటలు ఎలా ఉండాలో ముందుగా లెక్కగట్టి, ఆ జాబితాను దాఖలు చేసి, ఆ తరువాతే ఊళ్ళకు వెళ్ళి అడిగారు. ఎక్కువ భాగం సరిపోయాయి. గ్రహణం ఎప్పుడు పడుతుందో పంచాంగంలో ముందే వేసి, ఆ రోజు ఆకాశం చూసినట్లు.

నాకంత శక్తి లేదు. అయినా చెవికి కెవ్ అని కుర్రవాడు చెప్పగానే, చేయికి వాళ్ళ మాట కకారంతో మొదలవుతుందని ఒక కాగితం మీద రాసి మడిచి పెట్టి, “చేతినేమంటారు?” అని అడిగాను. “కీ” అన్నాడు. కాగితం విప్పి చూపిస్తే వాడి ముఖంలో వచ్చిన వెలుగు చూడవలసిందే. తరువాత వాడే ఉత్సాహపడి, “చెట్టుకు కూడ కెట్టు ఉండాలె గద సార్, మేం మాక్ అంటం” అన్నాడు. చెట్టు వేరే మాట, మాక్ వేరే మాట. మాక్ అన్నది మన మ్రాఁకు, మాకులకు చుట్టం. సూత్రం ఒకే మూలం నుండి వచ్చిన మాటలకే వర్తిస్తుంది.

సరే, కోలామీ తెలుగు బిడ్డ కాదు. మరి ఎవరి బిడ్డ? 1950లో సేతుమాధవరావు పగడి కోలామీ వ్యాకరణాన్ని హైదరాబాదులో అచ్చువేశారు. ఆదిలాబాదు ప్రాంతంలో ప్రభుత్వాధికారిగా పనిచేసిన ఈయన తరువాత మరాఠీ చరిత్రకారుడిగా పేరుపడ్డారు. 1953లో బరో, భట్టాచార్య ద్వయం బస్తరు ప్రాంతపు పర్జీ భాష మీద గ్రంథం తెచ్చారు. 1930లలో మన దేశంలో తిరిగి వార్ధా వైపు కోలామీని రాసుకున్న ఎమెనో 1955లో తన గ్రంథం ప్రకటించాడు. కోలామీ, నాయికీ, పర్జీ, ఒల్లారి గదబ అనే నాలుగూ ఒక ఇంటివని అందులో చూపాడు.

ఒక ఇంటివని ఎలా చెబుతారు? ఇక్కడ మన ఆస్తి తగాదాల భాష బాగా పనికివస్తుంది. తాతలనాటి భూమి పంపకంలో అందరికీ వస్తుంది. అది ఉన్నంతమాత్రాన ఫలానా ఇద్దరు అన్నదమ్ములు వేరుపడ్డాక కూడా కలిసి ఉన్నారని రుజువు కాదు. మిగతావారితో విడిపోయి, ఇద్దరూ ఉమ్మడిగా ఉన్నప్పుడు సంపాదించినది కనబడితేనే రుజువు. పొరుగింటి నుండి అరువు తెచ్చుకున్న పాత్రలు అసలు లెక్కలోకే రావు. పిత్రార్జితం, ఉమ్మడి సంపాదన, అరువు: వర్గీకరణ అంతా ఈ మూడింటినీ వేరుచేయడంలోనే ఉంది. తగవులన్నీ కూడా అక్కడే.

కోలామీ అంకెలు వినండి. ఐద్, ఆర్, ఏడ్ అని పది దాకా వింటే తెలుగే అనిపిస్తుంది. అనిపించడమేమిటి, తెలుగే. అవి అరువు పాత్రలు. ఇల్లు తెలిసేది నాలుగులోపు అంకెలలో: ఇందింగ్, మూందింగ్, నాలింగ్. ఇందులో మరొక సొగసు ఉంది. ఇద్దరు మగవారికి ఒక మాట, ఇద్దరు ఆడవారికి వేరొక మాట. ఇద్దరు స్త్రీలు కోలామీలో ఈరల్, పర్జీలో ఇరల్. ఈ అల్ మనకు తెలియనిదేమీ కాదు, కోడలులోనూ మఱదలులోనూ ఉన్నదే. కానీ దానిని అంకెలకు తగిలించి ఆడవారిని విడిగా లెక్కపెట్టే ఏర్పాటు ఈ చిన్న ఇంటిది, వారి ఉమ్మడి సంపాదన. తెలుగు ‘ఇద్దరు’లో మగా ఆడా తేడా లేదు.

ఇక తెలుగు ఎక్కడ కూర్చోవాలి? బహువచనంలో మనకు లు, కోలామీకి లకారం. స్త్రీని ‘అది’ అనడం మనకూ ఉంది, వారికీ ఉంది. ఇవి చూసి తెలుగును కోలామీ పక్కన కూర్చోబెట్టినవారున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో తెలుగు క్రియాధాతువుల మీద వెలువరించిన గ్రంథంతో ఈ కూర్పు కదిలింది. మూలద్రావిడంలో ఏ మాటా ర, ల, డ, ళలతో మొదలయ్యేది కాదు. తమిళంలో ఇరండు, ఉరల్, ఇళ అనే వాటికి మనకు రెండు, రోలు, లేత. లోపలి హల్లు ముందుకు దూకింది. ఈ దూకుడు తెలుగు ఒక్కదానిదే కాదు: గోండీలో రండ్, కొండ భాషలో రుండి, కువిలో రీండి. పర్జీలో మాత్రం ఇర్డు, కోలామీలో ఇందింగ్. అచ్చు తన స్థానం వదలలేదు. కనుక ఉమ్మడి సంపాదన విషయంలో తెలుగు గోండీ, కొండ, కుయి, కువిల పక్షం.

ఇక్కడికి తగవు తీరిందనుకోకండి. 1961లో కృష్ణమూర్తిగారు ఈ రెండు గుంపులనూ మధ్యద్రావిడమనే ఒకే పెద్ద కప్పు కింద ఉంచారు. 1970ల తరువాత తెలుగు గుంపును దక్షిణానికి, తమిళ కన్నడాల వైపుకి జరిపారు. 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన గ్రంథంలో దానికి రెండవ దక్షిణ ద్రావిడమని పేరు. కోలామీ ఇల్లు మధ్యలో ఒంటరిగా మిగిలింది. దీనిని అందరూ ఒప్పుకోలేదు. 2018లో ఇరవై ద్రావిడ భాషల పదాలను కంప్యూటరుతో లెక్కగట్టినవారు కుటుంబం వయస్సు సుమారు 4500 ఏళ్ళన్నారు. నాలుగు శాఖలూ వారికీ తేలాయి, కానీ ఏ శాఖ దేనికి దగ్గరో గట్టిగా చెప్పలేమన్నారు. స్త్రీని ‘అది’ అనడం పిత్రార్జితమా, తరువాతి సంపాదనా అన్న ఒక్క ప్రశ్న మీదనే పండితులు దశాబ్దాలు వాదించుకున్నారు. నాకు కృష్ణమూర్తిగారి తీర్పే సబబుగా తోస్తుంది. తారనాకలో, ఉస్మానియాలో భాషాశాస్త్రాచార్యులుగా ఉండి ఇంత పని చేసిన మనిషి పేరు, 2012లో ఆయన పోయేనాటికి కూడా మా ఉపాధ్యాయులలో చాలామంది విననే లేదు.

ఒక పక్కమాట. చిన్న భాషల వల్ల మనకేం ప్రయోజనమని అడిగే పండితమిత్రులకు అరసున్న చూపిస్తాను. వాఁడు, మూఁడు అని అరసున్నలతో రాయించి మార్కులు వేయించుకున్న తరం మాది. ఆ సున్న ఎందుకుందో చెప్పినవారు తక్కువ. అరకు కొండలలోని కొండ భాషలో, 1969లో కృష్ణమూర్తిగారే వర్ణించిన భాషలో, వాడు అనడానికి వాన్ఱు అంటారు, మూడుకు మూన్ఱి. మన అరసున్న లోపల దాగిన నకారం అక్కడ ఇంకా నోట పలుకుతోంది. ప్రాచీన తెలుగు శాసనాలలో ఒక వింత అక్షరం ఉండేది. 2015లో యూనికోడులో దానికీ స్థానం దొరికింది: ౚ. మీ తెర మీద ఖాళీ డబ్బా కనబడితే నన్ను తిట్టుకోకండి, ఖతిని తిట్టుకోండి. ఆ అక్షరం శాసనాలకే మిగిలిపోయింది. దానికి దగ్గరి చుట్టమైన ధ్వని ఆ కొండల మీద పిల్లల నోట ఉంది.

కోలామీ మాట్లాడేవారు 2011 లెక్కల ప్రకారం లక్షా ఇరవై ఎనిమిది వేల పైచిలుకు. వారిలో ఎక్కువమంది మహారాష్ట్రలో. తెలుగువారు ఎనిమిది కోట్లు దాటారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించినప్పుడు కోలామీ అందులో ఉంది. యాస అని వాదిస్తే ఆ వాచకాలకు చోటుండదు, యాసకు పలక పుస్తకం ఎవరు వేస్తారు? లెక్కలలోని పేర్లు కూడా మోసం చేస్తాయి. గదబ అన్న పేరే చూడండి. ఒల్లారి గదబది ద్రావిడ భాష. గుతోబ్ గదబది ముండా భాష, కుటుంబమే వేరు. గడిలో గదబ అని మాత్రమే పడితే అది ఎవరి భాషో తెలియదు. పదివేలమంది కన్న తక్కువ లెక్క తేలిన భాష అయితే పట్టికలో విడిగా పేరే రాదు, ‘ఇతరములు’లో కలిసిపోతుంది.

కిందటి ఆదివారం అభ్యంతర పత్రం చిత్తుప్రతి పూర్తయింది. కెవ్, కీ, కిస్ ఒక పేరా; అంకెలు ఒక పేరా; గ్రంథాల పేర్లు, సంవత్సరాలు ఒక పేరా. ఆ ప్రశ్న పరీక్షలో వస్తుందో రాదో. కుర్రవాడు దానిని మడిచి గైడు పుస్తకంలో ఆ పేజీ దగ్గరే పెట్టుకుని, నా ఎదుటే ఇంటికి ఫోను చేశాడు. 2021లో జరగవలసి ఆగిన జనగణన వారు వచ్చినప్పుడు, మాతృభాష దగ్గర ఇంట్లో ఆరుగురికీ కోలామీ అని రాయించమని వాళ్ళ నాన్నతో చెప్పాడు. అవతలి నుండి ఏదో ప్రశ్న వచ్చింది. వాడు ఫోను చేతితో మూసి నావైపు తిరిగాడు.

“తెలుగు రాయించకపోతే రేషను బందవుతదా అని అడుగుతున్నడు సార్.”

కాదని చెప్పాను. మాతృభాష గడి వేరు, తెలిసిన ఇతర భాషల గడి వేరు, తెలుగును రెండోదానిలో రాయించుకోవచ్చని చెప్పాను. వాడు ఆ మాట కోలామీలో వాళ్ళ నాన్నకు చెప్పాడు.