పందెపు బల్లపై సమత్వయోగం



సమత్వమనే శబ్దాన్ని వ్యాఖ్యానించడం సులభం. దానిని ఒక గంటసేపు నిలుపుకోవడం దుష్కరం. జయాపజయాలు, లాభనష్టాలు సమానమని చెప్పినప్పుడు ప్రవచనమండపంలో తలయూచని శ్రోత ఉండడు. ఆ అంగీకారం ఎంత దృఢమైనదో తెలియాలంటే సొమ్ము పణంగా ఉండాలి, ప్రత్యర్థి ఎదుట ఉండాలి, చేయి వణికే క్షణం రావాలి. అటువంటి పరీక్షాస్థలాలలో ఒకటి అమెరికాదేశంలోని పూల్ క్రీడాశాల. అది మన సంప్రదాయానికి బహుదూరమైన చోటుగా కనిపించవచ్చు. కాని నేడు అక్కడికి వెళ్ళే తెలుగు యువకులు ఉన్నారు. అక్కడ వారి మనస్సుకు సంభవించేది మన శాస్త్రాలకు కొత్త కాదు.

ఆట స్వరూపాన్ని ముందుగా సంగ్రహంగా తెలుసుకోవాలి. వస్త్రం బిగించిన బల్లకు ఆరు రంధ్రాలుంటాయి. ‘నైన్ బాల్’ అనే ఆటలో 1 నుండి 9 వరకు అంకెలు గల బంతులు, వాటికి తోడు ఒక తెల్లబంతి ఉంటాయి. క్యూ అనే కర్రతో తెల్లబంతిని కొట్టి, బల్లపై మిగిలిన వాటిలో అతిచిన్న అంకె గల బంతిని మొదట తాకించాలి. తొమ్మిదవ బంతిని నియమబద్ధంగా రంధ్రంలోకి పంపినవానిదే ఆ ఆట. ముందుగా నిర్ణయించుకొన్న సంఖ్యలో ఆటలు ఎవరు మొదట గెలిస్తే వారిదే పందెం.

ఇద్దరి నైపుణ్యం సమానం కానప్పుడు పోటీ న్యాయంగా ఉండదు కనుక, అక్కడివారు ‘హ్యాండిక్యాప్’ అనే ఏర్పాటు చేసుకున్నారు. బలహీనుడు కొన్ని ఆటలు అప్పటికే గెలిచినట్లు లెక్కకట్టడం ఒక పద్ధతి. తొమ్మిదవ బంతితోపాటు ఎనిమిదవ బంతిని వేసినా అతనికి గెలుపు ఇవ్వడం మరొకటి. ప్రారంభపు దెబ్బను ప్రతిసారీ అతనికే విడిచిపెట్టడం ఇంకొకటి. అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ వారి లీగ్‌లో ‘ఎయిట్ బాల్’ ఆటగాళ్ళకు 2 నుండి 7 వరకు స్థాయిలుంటాయి. ఏడవ స్థాయివాడు రెండవ స్థాయివానిపై నెగ్గాలంటే 7 ఆటలు గెలవాలి, ఎదుటివానికి 2 చాలు. ‘ఫార్గో రేట్’ అనే మరొక గణనలో ఇద్దరి మధ్య 100 అంకెల అంతరం ఉంటే, బలవంతుడు రెండు ఆటలు గెలిచేలోగా బలహీనుడు ఒకటి గెలుస్తాడని అంచనా.

ఈ ఏర్పాటును తేలికగా చూడరాదు. హస్తినాపుర సభలో లోపించినది ఇదే. పణం దుర్యోధనునిది, పాచికలు వేసినవాడు శకుని. ఒకరి పక్షాన వేరొకరు ఆడడం విషమమని ధర్మరాజు ఆక్షేపించి కూడా ఆటకు కూర్చున్నాడు. ఆ వైషమ్యాన్ని సరిదిద్దే నియమం ఆ సభలో ఎవరూ చేయలేదు. బలాబలాలను ముందుగానే బహిరంగంగా ఒప్పుకొని, బలవంతుడు కొంత విడిచి ఆడడం, ఎంత లౌకికమైన విషయంలోనైనా, న్యాయబుద్ధికి చిహ్నమే.

అయితే సొమ్ము పెట్టి ఆడడం శాస్త్రసమ్మతమా అని పాఠకులు ప్రశ్నించడం సహజం. సమాధానం దాచవలసినది కాదు. ఋగ్వేద దశమమండలంలోని అక్షసూక్తం జూదరి గృహం ఎట్లు శిథిలమవుతుందో చూపి, చివరకు అతనిని పొలం దున్నుకోమని హెచ్చరిస్తుంది. మనువు ప్రాణరహిత వస్తువులతో ఆడే ద్యూతాన్నీ, ప్రాణులను పోటీకి దింపే సమాహ్వయాన్నీ రెండింటినీ నిషేధించాడు. కౌటిల్యుడు మాత్రం దానిని రాజాధికారి పర్యవేక్షణలో ఉంచి, గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వంతులు వసూలు చేయమన్నాడు. అంటే పూర్తిగా మాన్పించలేని దానికి హద్దు కట్టాడు. కనుక పందెపు ఆటను ప్రశంసించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అందులో దిగినవాని అంతఃకరణంలో ఏమి జరుగుతుందో పరిశీలించడమే ఉద్దేశం.

డాలస్ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక గుంటూరు యువకుని అనుభవం ఇందుకు ఉదాహరణ. ఉపనయనమైన తరువాత రెండు వేసవులు తాతగారి వద్ద వేదపాఠం చెప్పుకొని, పిమ్మట చదువుల ఒత్తిడిలో దానిని విడిచిపెట్టినవాడు. పూల్‌లో మంచి చేయి ఉన్నవాడు. అతనికి ప్రత్యర్థిగా వచ్చినవాడు అరవై దాటిన, పదవీవిరమణ చేసిన ఒక లారీ డ్రైవరు. ఇద్దరి అంకెలకూ సుమారు 60 అంతరం; అంటే యువకుడు మూడు గెలిస్తే వృద్ధుడు రెండు గెలవగలడని అర్థం. కనుక తొమ్మిది ఆటల పందెంలో వృద్ధునికి మూడు ఆటలు ముందుగానే ఇచ్చారు: యువకుడు తొమ్మిది గెలవాలి, వృద్ధుడు ఆరు. తలకు 300 డాలర్ల పణం. షరతును యువకుడే ప్రతిపాదించాడు, చేయి కలిపి ఆమోదించాడు.

ఆట మధ్యకు వచ్చేసరికి అతడు ఆరు గెలిచాడు, వృద్ధుడు రెండే గెలిచాడు. కాని పలకపై ఆరు – ఐదు అని కనిపించింది. ఆ క్షణంలో అతని మనస్సులో ఒక వాక్యం పుట్టింది: “ఆరు గెలిచిన నేను, రెండు గెలిచినవాని కంటె ఒక్క ఆటే ముందున్నానా?” అంతవరకు బల్లపై ఒకే ఆట సాగుతున్నది. అప్పటినుండి రెండు ఆటలు మొదలయ్యాయి. ఒకటి వస్త్రంపై, మరొకటి లెక్కలో. రెండవ ఆటలో అతనికి ప్రత్యర్థి వృద్ధుడు కాదు, తాను ఇచ్చిన మాట.

శరీరం వెంటనే ఆ సంగతి పట్టుకుంది. కర్ర పట్టిన పిడికిలి బిగిసింది. శ్వాస గొంతులోనే ఆడసాగింది. దెబ్బ పూర్తి కాకముందే, బంతి ఎటు పోయిందో చూడాలన్న ఆత్రుతతో తల పైకి లేచింది. తల లేచినప్పుడు భుజం కదులుతుంది, భుజం కదిలితే కర్ర గీత తప్పుతుంది. ఇద్దరూ ఎనిమిదికి చేరారు. చివరి ఆటలో యువకుడు ఎనిమిది బంతులూ వేసి తొమ్మిదవ దాని ఎదుట నిలిచాడు. అభ్యాసంలో పదింటికి పదిసార్లు వేసే దెబ్బ. వంగిన తరువాత మళ్ళీ ఆ లెక్కే తోచింది: ఇది తప్పితే ఎనిమిది గెలిచినవాడు ఐదు గెలిచినవాని చేతిలో ఓడినట్లు. బంతి రంధ్రపు అంచును తాకి అక్కడే నిలిచిపోయింది. వృద్ధుడు లేచి, కర్రమొనకు సుద్ద రాసుకొని, తొందర లేకుండా దానిని లోపలికి తోశాడు.

సొమ్ము చెల్లించిన వెంటనే యువకుడు రెట్టింపు పణంతో మరొక పందెం అడిగాడు. వృద్ధుడు అంగీకరించలేదు. కోపంలో ఉన్నవానితో తాను డబ్బుకు ఆడనన్నాడు. హస్తినాపురంలో ఈ మాట చెప్పే ప్రత్యర్థి లేడు. మొదటి ద్యూతంలో పోయినదంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చిన తరువాత కూడా, అనుద్యూతానికి పిలుపు వస్తే ధర్మరాజు దారినుండి వెనుదిరిగి వచ్చాడు. వనవాసం ఆ రెండవ ఆట ఫలమే. ఓటమి తరువాతి మొదటి ఘడియలో పెట్టే పణం ఆటకోసం పెట్టేది కాదు, గాయాన్ని కప్పుకొనేందుకు పెట్టేది.

యువకుడు కొంతసేపటికి శాంతించి, చివరి ఆటలో మీకు ఒత్తిడి కలగలేదా అని వృద్ధుని అడిగాడు. ఆయన ఇచ్చిన సమాధానం ఏ వేదాంతగ్రంథమూ చదవని మనిషిది: “ఆ మూడు ఆటలు నేను గెలిచినవి కావు, కాబట్టి వాటిని నేను లెక్కపెట్టను. నువ్వు పోగొట్టుకున్నవీ కావు. నువ్వెందుకు లెక్కపెట్టావు?”

ఈ ప్రశ్నకు సమాధానం మన కర్మకాండలోనే ఉన్నది. ఏ వైదికకర్మకైనా ఆరంభంలో సంకల్పం ఉంటుంది. దేశకాలాలను, గోత్రనామాలను, కర్మను, ప్రయోజనాన్ని ఉచ్చరించి, ఉదకం విడిచిన తరువాత కర్త వాటిని మధ్యలో మళ్ళీ విచారించడు. హోమం సగమైన తరువాత ఈ ద్రవ్యం ఇంత అవసరమా, ఈ దక్షిణ అధికం కాదా అని తర్కించే యజమాని చేతి ఆహుతి అగ్నిలో పడవచ్చు గాని, అతని మనస్సు అక్కడ ఉండదు. హ్యాండిక్యాప్ కూడా సంకల్పంలోని భాగమే. అది న్యాయమా అన్యాయమా అని తేల్చుకోవలసినది చేయి కలపకముందు. చేయి కలిపిన పిదప అది బల్ల పొడవు వంటిది, బంతి బరువు వంటిది. ఆడవలసిన ఆటలో ఒక అంగం.

రెండవ విషయం ప్రాయశ్చిత్తం. శ్రౌతస్మార్తకర్మలలో పొరపాటు జరగదని మన పూర్వులు ఎన్నడూ భావించలేదు. మంత్రలోపం, క్రియాలోపం సంభవిస్తే దానికి విహితమైన ప్రాయశ్చిత్తాహుతి ఉంటుంది. దానిని సమర్పించి కర్మను కొనసాగిస్తారు. ప్రతి దోషానికీ విలపిస్తూ కూర్చోరు, దోషమే లేదని నటించరు. దెబ్బ తప్పిన ఆటగాడు కుర్చీకి తిరిగివచ్చి చేయవలసినది ఇంతే. ఎందుకు తప్పిందో ఒక్క మాటలో గుర్తించాలి: తల లేచింది, లేదా పట్టు బిగిసింది. రెండు దీర్ఘశ్వాసలు తీసుకోవాలి. ఆ అధ్యాయం అక్కడితో ముగియాలి. ప్రాణం చలిస్తే చిత్తం చలిస్తుందన్న యోగశాస్త్ర సిద్ధాంతం పూల్‌బల్ల వద్ద కూడా వర్తిస్తుంది. ఊపిరి నిదానించనిదే చేయి నిదానించదు.

మూడవది, అన్నింటికంటె సూక్ష్మమైనది, ఘనపాఠం నేర్పే శిక్షణ. ఘనలో రెండు మూడు పదాలు ముందుకూ వెనుకకూ తిరుగుతూ సాగుతాయి: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. పరీక్షాధికారుల ఎదుట కూర్చున్న విద్యార్థి రాబోయే పనసను తలచుకుంటే ప్రస్తుత పదంలోని స్వరం జారుతుంది. జారిన స్వరాన్ని తలచుకుంటే తరువాతి సంధి తప్పుతుంది. అతనికి ఆ క్షణంలో ఉన్న ప్రపంచం ఆ మూడు పదాలే. నైన్ బాల్‌లో సమర్థులైన ఆటగాళ్ళు సరిగా ఇట్లే ఆలోచిస్తారు: ఇప్పటి బంతి, దాని తరువాతి బంతి, ఆపై బంతికి తెల్లబంతి నిలవవలసిన చోటు. మూడింటిని మించిన ఆలోచన, పలకమీది అంకె, జేబులోని సొమ్ము, చూచేవారి ముఖాలు, ఇవన్నీ పాఠంలో లేని పదాలు. గీతను నిలబడి ఉన్నప్పుడే నిర్ణయించుకొని, వంగిన తరువాత రెండు మూడు సార్లు కర్రను ఆడించి, ఒక్క క్షణం ఆగి, కొట్టి, కొట్టిన పిదప కూడా కదలకుండా ఉండడం వారి నియమం. వంగిన తరువాత సందేహం కలిగితే లేచి మళ్ళీ మొదటినుండి ఆరంభిస్తారు, సందేహంతో కొట్టరు. తాతగారి ఎదుట తొడపై చేయి వేసుకొని కూర్చున్న రెండు వేసవులు ఆ యువకునికి అప్పుడు గుర్తుకు వచ్చాయి.

ఆ దినాలలోనే అతనికి వేరొక సలహా కూడా లభించింది. లీగ్‌లో నాలుగు పోటీలు కావాలని ఓడిపోతే స్థాయి తగ్గుతుంది, అప్పుడు ఇవ్వవలసిన ఆటలు తగ్గుతాయి, పైగా పుచ్చుకోవచ్చు అని ఒక మిత్రుడు బోధించాడు. అక్కడివారిలో ఇది తెలిసిన దోషమే; పట్టుబడితే లీగ్‌ల నుండి బహిష్కరించడం కూడా ఉన్నది. ధర్మదృష్టిలో పందెపు ఆట అంతటిలోనూ అత్యంత హేయమైనది ఇదే. యోగశాస్త్రం చెప్పిన యమాలలో సత్యం, అస్తేయం రెండూ ఒక్క దెబ్బతో భగ్నమవుతాయి. వైషమ్యాన్ని సరిదిద్దడానికి పుట్టిన నియమాన్ని వైషమ్యాన్ని దాచడానికి వాడడం శకుని విద్య. యువకుడు ఆ సలహాను స్వీకరించలేదు. అతడు 300 డాలర్లు ఓడిన రాత్రికంటె, ఈ సలహాను విన్న రాత్రియే అతని అసలు పోటీ జరిగిందని చెప్పాలి.

రెండు నెలల తరువాత అదే షరతుపై అదే వృద్ధునితో మళ్ళీ ఆడాడు. పణాన్ని మాత్రం 20 డాలర్లకు దించమని కోరాడు. పోయినా మరునాటి ఉదయం గుర్తుండని మొత్తమే తనకు హద్దు అని నిశ్చయించుకున్నాడు. పలక తనకు కనిపించని వైపు కుర్చీ వేసుకున్నాడు. మధ్యలో ఒక సులభమైన తొమ్మిదవ బంతి తప్పింది. వచ్చి కూర్చున్నాడు, ఊపిరి తీసుకున్నాడు, తరువాతి ఆటలో చేయి వణకలేదు. ఆ పందెం తొమ్మిది – ఏడుతో గెలిచాడు. ఆ తరువాతి నెలలో ఓడాడు కూడా. రెండు సార్లూ ఇంటికి వెళ్ళి సుఖంగా నిద్రించాడు.

నలోపాఖ్యానంలో ఒక విశేషం ఇక్కడ స్మరణీయం. రాజ్యాన్ని పాచికలకు అర్పించి అడవులపాలైన నలుడు ఋతుపర్ణుని వద్ద అక్షహృదయవిద్య గ్రహించిన వెంటనే పుష్కరునిపై గెలవలేదు. ముందుగా అతని దేహంనుండి కలి తొలగిపోయాడు. ఆ పిమ్మటనే మరల ఆట, రాజ్యప్రాప్తి. గెలిచిన తరువాత పుష్కరుని క్షమించి పంపగలిగాడంటే, కలి నిజంగా తొలగిపోయాడనడానికి అదే ప్రమాణం.

మానవజన్మలో ఎవరూ సున్నా – సున్నా వద్ద ఆట ప్రారంభించరు. ఒకడు ధనవంతుని ఇంట, ఒకడు దరిద్రుని ఇంట జన్మిస్తాడు. ఒకనికి దృఢశరీరం, మరొకనికి అంగవైకల్యం. ప్రారబ్ధం ముందుగా పలకపై వ్రాసిన అంకెలను మనం చెరపలేము. ఎక్కువ అంకెలు పొందినవాడు అవి తన ప్రతాపమని గర్వించరాదు. తక్కువ పొందినవాడు ఎదుటివాని పలకను చూస్తూ తన చేతిని వణికించుకోరాదు. పురుషార్థానికి మిగిలి ఉన్నది ఎదుట ఉన్న బంతి ఒక్కటే. దానికి సరిగా నమస్కరించినట్లు వంగి, ఊపిరి నిలిపి, చేయవలసినది చేసి, ఫలం కోసం తల ఎత్తకుండా ఉండడం అభ్యాసంతో సాధ్యం. ఆ అభ్యాసానికి పందెం అవసరం లేదు, నిత్యకర్మ చాలు.

స్వస్తి.