పండిన కాఫీ పండూ 81, పచ్చికాయా 81

ఇంటర్ చదివే మన తమ్ముడొకడు అడిగాడు, "అన్నా, ఇమేజ్ ప్రాసెసింగ్ అంటే ఫోటోషాపేనా? లాప్‌టాప్ లేనోళ్ళకి అర్థమవుద్దా?" అని. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఇంత పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

నేను బీటెక్ మూడో సంవత్సరం. మాది పాడేరు వైపు ఊరు, మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. ఈ సబ్జెక్టు మాకు రెండు రకాలుగా నడిచింది. థియరీ క్లాసు మొదటి రోజే ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌తో మొదలైంది. స్లైడ్లో ఫార్ములా, పక్కన లెనా ఫోటో. ఆ ఫోటో 1973 నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ 2024 ఏప్రిల్ నుంచి ఆ బొమ్మ ఉన్న పేపర్లు తీసుకోవడం మానేసింది, మా స్లైడ్లు మాత్రం మానలేదు.

ల్యాబ్ మేడమ్ దారి వేరు. రెండు వారాలు కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. గ్రాఫు కాగితం, పెన్సిలు, అంతే. నలుపు తెలుపు ఫోటో అంటే అంకెల గడులు. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. తొమ్మిది గడులు గీయించింది. చుట్టూ ఎనిమిదింట్లో 10, మధ్యలో 255. చీకటి ఫోటోలో పడ్డ తెల్ల చుక్క అన్నమాట. దాన్ని పోగొట్టాలి. సగటు తీస్తే 335ని 9తో భాగించాలి, 37 వస్తుంది. చుక్క పోలేదు, మసకగా మిగిలింది. అంకెలన్నీ వరసలో పెట్టి మధ్యది తీసుకుంటే 10. చుక్క మాయం! మీడియన్ ఫిల్టర్ అంటే ఇదే. ఈ లెక్కకి లాప్‌టాప్ ఎందుకు తమ్ముడూ, ఐదో తరగతి భాగాహారం చాలు.

తర్వాత "ఎవరి ఊరి ఫోటో వాళ్ళు తెచ్చుకోండి" అంది. ఒకరు చేపల బుట్ట తెచ్చారు, ఒకరు ఆటో స్టాండు. ఒకమ్మాయి ఎండబెట్టిన పసుపు కొమ్ముల ఫోటో తెచ్చింది. ఓపెన్‌సీవీలో తెరిచి మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో చూపిస్తే పసుపంతా ఆకాశం రంగులోకి వచ్చింది. క్లాసంతా నవ్వులే. ఓపెన్‌సీవీ రంగుల్ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో పెడుతుంది, రెండోది ఎరుపు ముందనుకుని చదువుతుంది. మేడమ్‌కి ముందే తెలుసు, కావాలనే చెప్పలేదు. అలా నేర్పితే జన్మలో మర్చిపోతామా?

నేను తీసుకెళ్ళింది కాఫీ ఫోటో. పండినవి ఎన్ని, పచ్చివి ఎన్ని లెక్కపెట్టించాలని నా ఆశ. మేడమ్ ముందు గ్రే చెయ్యమంది. గ్రే అంటే ఎరుపుని 0.299తో, ఆకుపచ్చని 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కలపడం. మన కంటికి ఆకుపచ్చ వెలుగు ఎక్కువ తెలుస్తుంది కాబట్టి దానికి వాటా ఎక్కువ. పండిన పండు మీద ఒక పిక్సెల్ 200, 30, 30 అనుకోండి. పచ్చికాయ మీద 60, 100, 40. లెక్క వేసి చూడండి, రెండూ 81. మా అమ్మ చెట్టు కింద నిలబడి ఒక్క చూపులో చెప్పే తేడా ఆ ఫార్ములాలో పడి పోయింది. అందుకే రంగుని విడిగా చూసే హెచ్‌ఎస్‌వీలోకి మార్చాలి. అక్కడా చిక్కే. రంగు 0 నుంచి 179 దాకా చక్రంలా తిరుగుతుంది, ఎరుపు రెండు కొసల్లోనూ ఉంటుంది. ఒక కొస మాత్రమే తీసుకుంటే కొన్ని పళ్ళు లెక్కలోకే రావు.

ఇదంతా కాఫీతో ఆగితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. మా హాస్టల్లో ఇప్పుడు ఫోనుకి మొహం చూపిస్తేనే హాజరు. సాయంత్రం కరెంటు డల్‌గా ఉంటే మాలో నల్లగా ఉన్నోళ్ళని ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టి మళ్ళీ మళ్ళీ తీస్తారు. "నీ మొహం రావట్లేదురా" అంటారు. ఆ మాటకి చిన్న పిల్లలు తల దించుకుంటారు. దించుకోవద్దు. వెలుతురు తక్కువైతే మొహంలోని అంకెలన్నీ అడుగున చిన్న జాగాలో ఇరుక్కుంటాయి, ముక్కుకీ చెంపకీ తేడా దొరకదు. హిస్టోగ్రామ్ ఈక్వలైజేషన్‌తో ఆ అంకెల్ని విడదీయొచ్చు, కానీ గరుకు కూడా పెరుగుద్ది. వెలుతురొక్కటే కాదు కారణం. 2018లో జాయ్ బులమ్వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు అక్కలు, మొహం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల ప్రోగ్రాములను పరీక్షించారు. తెల్ల మగవాళ్ళ విషయంలో ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం తప్పులు, నల్ల ఆడవాళ్ళ విషయంలో 34.7 శాతం దాకా. నేర్పిన ఫోటోల్లో ఎవరు తక్కువుంటే వాళ్ళనే మిషను సరిగా చూడదు. ఇది మా సిలబస్‌లో లేదు. మేడమ్ ఒక గంట తీసుకుని చెప్పింది. నా లెక్కలో కోర్సు మొత్తంలో ఖరీదైన గంట అదే.

ఇక పని మాట. ఆదివారాలు హాస్టల్ వరండాలో జూనియర్లకి ఇదే వరసలో చెప్తున్నా, ముందు గ్రాఫు కాగితం, తర్వాత ఫోన్లో గూగుల్ కోలాబ్. నాకు కాఫీ ఫోటోలు కావాలి. నీడలో తీసినవి, మబ్బులో తీసినవి, కళ్ళంలో ఆరబోసినవి, అన్నీ. ఏ ఊరు, ఏ నెల, పొద్దున్నా సాయంత్రమా రాయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, డాక్యుమెంట్‌లా పెట్టండి. మామూలుగా పంపితే బాగా కుదించేసి 8×8 గడుల మచ్చలు పడతాయి, పండు అంచు చెదిరిపోతుంది.