బస్తా మీది పేరుకెంత, లోపలి బియ్యానికెంత

తెనాలిలో బియ్యం కొట్టుకెళ్లి ధర అడిగితే, కొట్టాయన ముందు మనల్నే అడుగుతాడు: "ఏ వాడకానికండీ?" ఇంటికా, ఫంక్షన్‌కా, ఇడ్లీ పిండికా? మన జవాబును బట్టి బస్తా చూపిస్తాడు. అయిన ఖర్చు మీద లాభం వేసుకుని చెప్పే ధర వేరు, కొనేవాళ్ల మనసులో ఉన్న విలువను చూసి చెప్పే ధర వేరు. సన్నబియ్యంలో రెండోదే ఎక్కువ.

మేం తినేది బీపీటీ 5204. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి. ఆ సన్నదనానికి రైతుకు దక్కేదెంత? 2024-25లో మద్దతు ధర సాధారణ రకానికి క్వింటా 2,300 రూపాయలు, సన్నాలు వచ్చే 'ఏ' గ్రేడుకు 2,320. మన వైపు 75 కిలోల ధాన్యం బస్తాకి తేడా 15 రూపాయలు. ఆడిస్తే 50 కిలోల బియ్యం వచ్చాయనుకున్నా, పాతిక కిలోలకు ఏడున్నర. కొట్లో ముతకకూ సన్నానికీ తేడా వందల్లో ఉంటుంది. వ్యాపారులు సన్నాలకు మద్దతు ధర దాటి పెట్టే ఏడాదీ ఉంటుంది, నిజమే. అయినా ఈ దూరం నన్ను బాధిస్తుంది.

పాత బియ్యానికి ఎక్కువ ఇవ్వడం నాకు సమ్మతమే. అన్నం పొడిపొడిగా వస్తుంది, ఒదుగు ఎక్కువ. నిల్వ పెట్టినవాడికి గోడౌన్ అద్దె, వడ్డీ, తరుగు, పురుగు బెడద ఉంటాయి. సంచి మీది పేరుకూ బొమ్మకూ మాత్రం పైసా ఇవ్వను. ధర ఎప్పుడూ కిలో లెక్కనే అడుగుతాను. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసిన సంచులపై 5 శాతం జీఎస్టీ పడగానే 26 కిలోల సంచులు వచ్చాయి. బస్తాకూ బస్తాకూ పోల్చి చూస్తే లెక్క తప్పుతుంది.

అందుకే ఏడాది గింజలు రేపల్లె దగ్గర మా మావయ్యగారి పొలం నుంచే తెచ్చుకుంటున్నాం. కోతలయ్యాక డబ్బు ఇచ్చేసి, ధాన్యం ఎండబెట్టి అక్కడే నిల్వ పెట్టి, పాతబడ్డాక కావలసినప్పుడల్లా ఆడించుకుంటాం. ముందుగా కట్టిన డబ్బుకు బ్యాంకు వడ్డీ పోతుంది. పాత బియ్యానికి కొట్లో ఇచ్చే అదనంతో పోలిస్తే మాకది తక్కువే. పోయిన కోతలప్పుడు "ధర మీరే చెప్పండి మావయ్యా" అన్నాను. ఆయన తెనాలిలో పాత బియ్యం కిలో ఎంతుందో అడిగి, ఆడింపు కూలి, తరుగు, నిల్వ ఖర్చు తీసేసి బస్తా ధర చెప్పారు. మద్దతు ధర కన్నా బాగా ఎక్కువే. బేరమాడకుండా అంతా ఇచ్చాను.